పలకలు

స్వాన్సీలో వాన పడని రోజు చెప్పమంటే
క్యాలెండర్ తిరగెయ్యాలి.
అలాంటి ఊళ్లో ఒకప్పుడు
పెరటి పెరటికీ చెక్క డెక్ వేశాను నేను.
ఈ వీధి ఒక్కదాంట్లోనే పదకొండు.
మట్టి వద్దన్నారు,
గడ్డి కోసే పని వద్దన్నారు,
కుర్చీలేసుకుని సముద్రంకేసి చూస్తే చాలన్నారు.
చూశారు, రెండు వేసవులు.
తర్వాత కుర్చీలు లోపలికెళ్లాయి,
పాచి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు అవే డెక్‌లు పీకమని
ఈ చేతులకే డబ్బులిస్తున్నారు.
వేసినప్పటికంటే పీకినప్పుడే ఎక్కువ గిడుతోందని
మేనల్లుడు మాక్సెన్ నవ్వుతాడు.
నవ్వనీ. వాడి నడుం ఇంకా వంగుతుంది.

పద్నాలుగో నంబరు ఇల్లు. హెలెద్.
ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది.
తడి నేలల మీదే బతుకంతా నడిచిన మనిషి
ఫిబ్రవరిలో చెత్తబుట్టతో పెరట్లోకొచ్చి జారి
మణికట్టు విరగ్గొట్టుకుంది.
కట్టున్న చేత్తోనే డెక్‌ని చూపించి
"ఇది నాకొద్దు" అంది,
పెంచుకున్న కుక్కే కరిచిందని చెప్పినట్టు
కోపం లేకుండా, కాస్త సిగ్గుగా.

వేసింది నేనేనని చెప్పలేదు.

స్క్రూలు సగం తుప్పు, సగం మొండితనం.
గడ్డపార దూర్చి మోపితే
కిర్రుమంటూ లేచింది మొదటి పలక.
కింద
బట్టల క్లిప్పులు ఇరవై మూడు,
ఒక చెంచా, చదరంగం గుర్రం,
ఎలుక పరుపు చేసుకున్న చిప్స్ పొట్లం,
ఇంకా ఒక తెల్లటి తీగ.
ఆకన్నదే లేదు దానికి.
వెలుతురు ఎటుందో తెలీక
ఈ చివర్నించి ఆ చివరిదాకా పాకి
మళ్లీ వెనక్కి తిరిగొచ్చింది.
దాన్ని చూసి మాక్సెన్ నవ్వలేదు.

నాలుగో దూలం మీద పెన్సిల్ రాత:
2.37. తప్పు. మళ్లీ కొలవాలి.
ఏడు నడుం మీద అడ్డగీత పెట్టడం
మా నాన్న నుంచి వచ్చిన అలవాటు.
హెలెద్ ఆ ఏడుని చూసింది.
చేతిలో నేనిచ్చిన అంచనా కాగితం,
అందులోనూ రెండు ఏడులు.
కాసేపు దూలాన్ని, కాసేపు కాగితాన్ని.
"టీలోకి పంచదార ఎంత?" అని మాత్రం అడిగింది.

మట్టి ఇటుకలా బిగిసింది.
మూడు రోజులు తవ్వాం,
పెంట ఎరువు పన్నెండు బస్తాలు మింగింది.
బొమ్మలున్న పుస్తకాలు తెస్తే తెరవనైనా తెరవలేదామె.
"వానకి పోవడానికో చోటుండాలి,
మిగతాది మీ ఇష్టం" అంది.

వాలుకి అడ్డంగా మూడు మెట్లు.
ఉత్తరాది గనుల ఊదారంగు పలకరాయి.
చెక్క పలక తీసి రాతి పలకా? జారదూ?
గరుకు వైపు పైకి తిప్పి చూపించాను.
అరిచెయ్యి ఆనించి తడిమింది,
విరిగి అతుక్కున్న చెయ్యే.
సందుల్లో థైమ్ నాటాం,
కాలు పడితే వాము నలిపిన వాసనొస్తుంది.
గోడ నీడన ఫెర్న్‌లు, మూలన నా నడుమెత్తు బిర్చ్,
దిగువన పళ్లెమంత లోతు గుంట,
దాని చుట్టూ పచ్చ ఐరిస్.
ఇప్పటికైతే అన్నీ పుల్లలే. మేలో రమ్మంది.

పాడవని దూలాలతో కంపోస్టు పెట్టె కొట్టించింది.
ఏడున్న దూలం బయటికి కనపడాలంది.
అదొక్కటే ఆమె పట్టుబట్టింది.

సామాను సర్దుతుంటే వాన.
వ్యాన్‌లోకి పరిగెత్తాడు మాక్సెన్.
నేను నిలబడ్డాను.
నీళ్లు మెట్టుమెట్టూ దిగి
గుంట దగ్గర ఆగి
అక్కడే, నెమ్మదిగా, ఇంకిపోయాయి.

ఈ వీధిలో ఇంకా పది ఉన్నాయి.
పదహారో నంబరు కిటికీలోంచి ఎవరో చూస్తున్నారు,
వాళ్ల డెక్ ఆకుపచ్చగా మెరుస్తోంది.
వాళ్లు జారిపడేదాకా ఆగకూడదు.
ఈసారి నేనే తలుపు కొట్టి
ముందు ఎవరు వేశారో చెప్పి
అప్పుడు కొలతల టేపు తీస్తాను.